కొండ కనపడే ప్లాటు

ఆ రోజుల్లో మా తిరుపతి చుట్టుపక్కల డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా తిరిగే కుర్రవాణ్ణి "ఏం చేస్తాండావబ్బా?" అని ఎవరైనా అడిగితే "రియల్ ఎస్టేట్" అని చెప్పడం ఒక మర్యాదగా ఉండేది. పని లేదని చెప్పడానికి అంతకంటే గౌరవమైన మాట నాకైతే ఇప్పటికీ దొరకలేదు. చిత్తూరు రోడ్డు పొడుగునా నిన్నటిదాకా చెనక్కాయ పండిన చేలల్లో తెల్లారేసరికి తెల్లరంగు రాళ్ళు మొలిచేవి, మర్నాటికి వాటి ముందర ఒక కమాను లేచేది, ఆ మర్నాటికి కమాను కింద మెడకు టై కట్టుకుని నాలాంటివాడొకడు మొలిచేవాడు. ఇప్పుడు నాకు సొంతంగా చిన్న ఆఫీసుంది, తిరిగే కుర్చీ ఉంది, ఏసీ కూడా ఉంది (ఎండాకాలంలో తప్ప మిగతా కాలాల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది). అప్పుడప్పుడు కుర్రవాళ్ళు వచ్చి "అన్నా, అమ్మకంలో పైకి రావాలంటే ఏం చెయ్యాలన్నా?" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకుని, కుర్చీని కాస్త అటూ ఇటూ తిప్పి, గొప్ప గొప్ప మాటలు చెబుతాను. వాళ్ళు వాటిని సెల్లులో రికార్డు కూడా చేసుకుంటారు. ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదని, అవన్నీ ఒకప్పుడు గాజుల బుట్ట ఎత్తుకుని వీధులు తిరిగిన ఒకావిడవని వాళ్ళకు తెలియదు. తెలిస్తే నా కుర్చీ అంత సులువుగా తిరగదేమో.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బీకాం రెండో దండయాత్రలో గట్టెక్కాను. బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద ప్లాట్లమ్మే ఆఫీసులో చేరాను. చేరడమంటే జీతం ఏమీ లేదు, అమ్మితే కమిషను, అమ్మకపోతే చప్పట్లు. చప్పట్లు ఎందుకంటే, మా మేనేజరు సారు రోజూ పొద్దున తొమ్మిదింటికి మమ్మల్ని వరుసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాడు. ఆయన "నువ్వెవరు?" అని అరిస్తే మేమంతా "విజేత!" అని అరవాలి. కింది అంతస్తులో దర్జీ కొట్టు ఉండేది. మేం మూడోసారి అరిచేసరికి ఆ దర్జీ మిషను ఆపి మెట్ల దగ్గరకొచ్చి, "ఏమప్పా విజేతలూ, రవ్వంత మెల్లగా గెలవండి, కుట్టు తప్పుతాంది" అని కేకేసేవాడు. కస్టమరుకు "లేదు" అనే మాట వినపడకూడదన్నది మేనేజరు సారు చెప్పిన మొదటి పాఠం. ఏమడిగినా "ఉంది", ఎట్లా అడిగినా "అవును". ఈ పాఠాన్ని నేను నిజంగా గుండెల్లో పెట్టుకున్నాను. పెట్టుకుని ఎంత పని చేశానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ చప్పట్ల వరుసలో నిలబడని మనిషి మా ఆఫీసులో ఒక్కరే. మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కొంగు తలమీదుగా లాక్కుని, గ్లాసులో టీ ఊదుకుంటూ తాగేది. మేమంతా గాజులక్క అనేవాళ్ళం. వాళ్ళది తరతరాలుగా గాజులమ్మే కుటుంబం. పెళ్ళయిన కొత్తలో అత్తతో కలిసి బుట్ట పట్టుకుని వీధి వీధి తిరిగింది, తర్వాత సొంతంగా తిరిగింది, ఏ ఇంట్లో ఏ ఆడపిల్లకు ఎప్పుడు పెళ్ళి కుదిరిందో, ఎవరు వేరు కాపురం పెట్టబోతున్నారో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకే తెలిసేది కాదు. ఒకసారి ఎవరికో గాజులు తొడుగుతూ మాటల్లో మాటగా ఒక ప్లాటు సంగతి చెప్పిందట, అది అమ్ముడుపోయింది. అట్లా మొదలై, నేను చేరేనాటికి మా ఆఫీసులో అమ్ముడయ్యే ప్లాట్లలో సగానికి సగం ఆమె చేతి మీదుగానే పోయేవి. ఆమెకు టై లేదు, విజిటింగ్ కార్డు లేదు. కస్టమరు రాగానే మేం ప్లాటు గురించి చెప్పడం మొదలుపెట్టేవాళ్ళం, ఆమె మాత్రం వాళ్ళ గురించి అడగడం మొదలుపెట్టేది. నేను ఆమెను చూసి మొదట్లో జాలిపడ్డాను. పాపం, చదువుకోలేదు, సేల్స్ టెక్నిక్కులు తెలియవు అనుకున్నాను. ఆ వయసులో నాకున్న తెలివి అలాంటిది.

మేనేజరు సారు రెండో పాఠం, నీకు తెలిసినవాళ్ళ పేర్లు వంద రాసుకో, వాళ్ళ దగ్గరికే ముందు పో. నేను రాశాను. అరవై దగ్గర తెలిసినవాళ్ళు అయిపోతే, మిగతా నలభై నన్ను బడిలో కొట్టిన అయ్యవార్లతో, నేను కొట్టిన పిల్లలతో నింపాను. రెండు వారాల్లో మా బంధువర్గమంతా నా మోటారుసైకిలు చప్పుడు గుర్తుపట్టడం నేర్చుకుంది. మా చిన్నాయన ఇంటికి పోయి తలుపు కొడితే "చిన్నాయన ఇంట్లో లేడు, చేనికాడికి పోయినాడు" అని జవాబొచ్చింది. ఆ గొంతు చిన్నాయనదే. పూతలపట్టు సెంటర్లో టై కట్టుకుని బండి దిగిన రోజున, టీ అంగడి ముందర కూర్చున్న నలుగురూ "లోను వసూలుకు వచ్చినట్టుండాడ్రా" అని లేచి నాలుగు దిక్కులా పోయారు. ఇంతకీ ఆ లోను ఎవరిదో నాకు తెలియదు, వాళ్ళు నలుగురూ అది తమదే అనుకున్నారు. నాలుగు నెలలు గడిచాయి. ఒక్క ప్లాటు కూడా అమ్మలేదు. బండికి పెట్రోలు పోయించింది మా నాయన. ఒకరోజు అన్నం తింటూ నెమ్మదిగా అన్నాడు: "ఒరే, నువ్వు ఊరంతా తిరిగి కారు కొంటానని సెప్పినావు. నేను కాదనలా. ఈ నెలాఖరుకు ఒక ప్లాటన్నా అమ్ము. లేదంటే శ్రీ సిటీ ఫ్యాక్టరీలో మీ మామ మాట్లాడి పెట్టినాడు, తెల్లవారుజామున బస్సొస్తాది, ఎక్కు." ఫ్యాక్టరీ పని తక్కువదని కాదు. కారు కొంటానని చెప్పిన ఊరివాళ్ళ ముందర ఆ బస్సు కోసం నిలబడాలంటే నాకు ప్రాణం పోయేలా ఉండేది.

ఆ భయంలోంచే నాకొక తెలివి పుట్టింది. మా లేఅవుటులో నలభై ఏడో నంబరు ప్లాటుంది. ఉత్తరం మొహం. ఒకనాటి పొద్దున ఎండ ఎక్కక ముందు అక్కడ నిలబడి పళ్ళు కుట్టుకుంటూ (వేపపుల్ల విరిగి ఇరుక్కుంది) తలెత్తి చూస్తే, ఎదురుగా ఏడుకొండలు, పరిచినట్టుగా, అంచు అంచూ కనపడుతూ ఉన్నాయి. మా ప్రాంతంలో ఇంటికి బోరు నీళ్ళు లేవంటే సర్దుకుంటారు, వాకిట్లోంచి కొండ కనపడుతుందంటే మాత్రం అది కొనేవాళ్ళకు ఇంకో లెక్క. పొద్దున లేచి గడప దాటగానే కొండవైపు తిరిగి దండం పెట్టుకోకపోతే మావాళ్ళకు కాఫీ దిగదు. నాలుగు నెలలుగా మేం రోడ్డు వెడల్పు, కరెంటు స్తంభాలు అమ్ముతున్నాం గానీ, ఎదురుగా నిలబడి ఉన్న కొండను ఎవరమూ అమ్మలేదు. నాకు నా మీద నాకే గౌరవం పుట్టింది.

వారం తిరక్కుండా దానికి తగ్గ కస్టమర్లు దొరికారు. పూతలపట్టులో అద్దె ఇంట్లో ఉండే భార్యాభర్తలు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, జీవితమంతా చిత్తూరు తిరుపతి మధ్యనే తిరిగాడు. ఆమెను మనం కండక్టరమ్మ అనుకుందాం. వాళ్ళను పొద్దున్నే వ్యానులో తీసుకొచ్చి, నలభై ఏడో నంబరులో ముందే చూసిపెట్టుకున్న రాయి మీద నిలబెట్టి, నేను ఒక్క మాట కూడా మాట్లాడకుండా చేయి చాపి కొండ చూపించాను. ఆయన మాత్రం "అట్లనా, బాగుండాది" అన్నాడు. ఆమె చెప్పులు విడిచింది. రాయి మీదే చేతులు జోడించి చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "మోకాళ్ళు అరిగిపోయినాయి నాయనా. ఏడాదికొకసారి నడిచి ఎక్కేదాన్ని, ఇప్పుడు బస్సులో పోయినా ఆ వరసలో నిలబడలేను. ఈడ ఇల్లు కట్టుకుంటే వాకిట్లోంచే మొక్కుకుంటా" అంది. ఆయన పీఎఫ్ డబ్బంతా ఈ ఒక్క ఇంటి కోసమే పెట్టుకున్నారట. పోతూ పోతూ ఆమె ఒక ప్రశ్న అడిగింది. "ముందర ఉండే స్థలంలో ఎవురూ మేడ కట్టరు గదా నాయనా?" నలభై ఏడుకు ఎదురుగా, దారికి అవతల, పన్నెండో నంబరు ప్లాటు ఖాళీగా ఉంది. అది అప్పటికి ఎవరో అడ్వాన్సు ఇచ్చి పెట్టుకున్నది, వాళ్ళేం కడతారో నాకు తెలియదు. తెలియదని చెప్పాలి. కానీ గుండెల్లో మేనేజరు సారు పాఠం ఉందే. "ఎవరూ కట్టరమ్మా" అన్నాను. నవ్వుతూ కూడా అన్నాను.

ఆ వారమంతా గాజులక్క ఊళ్ళో లేదు. నాయుడుపేటలో చెల్లెలి కూతురి పెళ్ళికి పోయింది. ఉండి ఉంటే నా బండి అక్కడే ఆగిపోయేది. ఆమె లేకపోబట్టి నా విజయయాత్ర ఇంకా ముందుకు సాగింది. కండక్టరు గారు అడ్వాన్సు ఇచ్చారు, రిజిస్ట్రేషను వచ్చే గురువారం అనుకున్నాం. ఇంతలో పన్నెండో నంబరువాళ్ళు వద్దనుకుని వెనక్కి తగ్గారు. సరిగ్గా అప్పుడే, కాలేజీల దగ్గర పిల్లలకు హాస్టలు నడిపే ఒకాయన స్థలం కోసం వచ్చాడు. ఆయన్ని అందరూ హాస్టలన్న అనేవాళ్ళు. నేను పన్నెండో నంబరు చూపించి, "ఇక్కడ నాలుగంతస్తులు లేపినా అడిగేవాడు లేడన్నా, పైనుంచి కొండ బ్రహ్మాండంగా కనపడుతుంది" అని చెప్పాను. ఆయన "సరేప్పా" అని అక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టాడు. నాలుగు నెలలు ఒక్కటీ అమ్మనివాణ్ణి పది రోజుల్లో రెండు! మా నాయనకు ఫోను చేసి, శ్రీ సిటీ బస్సు ఇంకెవరినైనా ఎక్కించుకోమని చెప్పమన్నాను. ఒకే నోటితో ఒకరికి కొండ అమ్మి, ఇంకొకరికి ఆ కొండకు అడ్డం కట్టే గోడ అమ్మానన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ప్లాటు అమ్మడమంటే నంబరు పక్కన ఎర్రరంగు పూయడమే అనుకునేవాణ్ణి.

మర్నాడు ఆఫీసులో మైసూరుపాకులు పంచుతున్నాను. మేనేజరు సారు నా చేత మూడుసార్లు "విజేత" అనిపించాడు. గాజులక్క పెళ్ళి నుంచి తిరిగొచ్చి తన మూలన కూర్చుని ఉంది. మైసూరుపాకు తీసుకుని, సగం కొరికి, "ఏ ప్లాట్లు బేటా?" అంది. చెప్పాను. ఎట్లా అమ్మానో కూడా చెప్పాను, రాయి మీద నిలబెట్టిన నా తెలివితో సహా. ఆమె నమలడం ఆపింది. బల్ల మీద పరిచి ఉన్న లేఅవుటు మ్యాపును తన వైపు తిప్పుకుని, చేతిలో ఉన్న టీ గ్లాసును తీసుకెళ్ళి పన్నెండో నంబరు మీద పెట్టింది. "ఇట్ల రా. వంగు. నలభై ఏడు కాడ గడ్డం ఆనించు. ఇప్పుడు సూడు, ఆ గోడ మీద క్యాలెండరు కనపడతాందా?" నేను వంగి, బల్లకు గడ్డం ఆనించి చూశాను. గోడ మీద క్యాలెండరులో స్వామి బొమ్మ ఉండాలి. నాకు కనపడింది టీ గ్లాసు, అందులో సగం టీ.

"హాస్టలు గదా," అంది గాజులక్క మెల్లగా. "నాలుగంతస్తుల వసారాల్లో పిల్లకాయలు లుంగీలు ఆరేస్తారు, డ్రాయర్లు ఆరేస్తారు. ఆ తల్లి పొద్దున్నే లేసి వాటికి దండం పెట్టుకుంటాది." ఆఫీసంతా గొల్లుమంది. నేను గడ్డం బల్ల మీద నుంచి ఎత్తలేకపోయాను. చెప్పులు విడిచి రాయి మీద నిలబడిన ఆ మనిషి కళ్ళముందు మెదిలింది.

మేనేజరు సారు మాత్రం కంగారుపడలేదు. "కొండ కనపడుతుందని మనం రాసిచ్చామా? చెక్కుబందీలో తూర్పున ఫలానా, పడమర ఫలానా అని ఉంటుంది. ఉత్తరాన ఏడుకొండలు అని రాశామా? గురువారం రిజిస్ట్రేషను కానీ, ఆ తర్వాత వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు" అన్నాడు. కాగితం ప్రకారం ఆయన మాట తప్పు కాదు. నిజం చెప్పాలంటే (ఇన్నేళ్ళయింది, ఇప్పుడు దాచుకోవడమెందుకు) నాకు ఆ మాట చాలా తియ్యగా వినిపించింది. గురువారం దాకా నోరు మూసుకుంటే రెండు ప్లాట్లూ నావే. హాస్టలు లేచేసరికి ఏడాది పడుతుంది, అప్పటికి నేనెక్కడుంటానో. నేను గాజులక్క మొహంలోకి చూశాను, ఆమె కూడా సరేనంటే బాగుండునని.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. "మేం గాజులమ్మేటోళ్ళం బేటా," అంది. "ఈ పండక్కి పోయిన వీధికే వచ్చే పండక్కీ పోవల్ల. పోయినతూరి తొడిగిన గాజు ఊరికే చిట్లిపోయింటే, ఆ వాకిట్లో నాకు మంచినీళ్ళు గూడా పుట్టవు. మా అత్త ఒకటే సెప్పేది, అమ్మేటప్పుడు కాదు, మళ్ళా అదే వీధిలోకి పోయేటప్పుడు తెలుస్తాది నువ్వు యాపారం చేసినావో, దొంగతనం చేసినావో అని. నువ్వు ఆ ప్లాటమ్మి, మళ్ళా ఆ వీధిలో తలెత్తుకుని నడవల్లనా, వద్దా? అది నువ్వే సూసుకో." అప్పటిదాకా నేను విన్న అమ్మకం పాఠాలన్నీ కస్టమరు చేత సంతకం పెట్టించడంతో ముగిసేవి. సంతకం తర్వాత కూడా ఒక వీధి ఉంటుందని, అందులో నేను నడవాల్సి ఉంటుందని మొదటిసారి ఎవరో చెప్పారు. ఆమె ఎంత పెద్ద మనిషో నాకు ఆ క్షణంలో తెలిసింది. నాలుగు నెలలు పక్కనే కూర్చున్నా తెలియలేదు. "నువ్వే చెప్పక్కా, నీకు మాట్లాడ్డం వచ్చు" అని బతిమాలాను. "నేనెందుకు సెప్తా? తొడిగినోడే తియ్యల్ల" అని లేచి, చెప్పులేసుకుని, "పద, నేను పక్కన కూర్చుంటా" అంది.

బస్సులో పూతలపట్టు పోయాం. దారంతా నేను ఏం చెప్పాలో వల్లించుకున్నాను. కండక్టరు గారు వసారాలో కూర్చుని రేడియో బాగుచేస్తున్నాడు. కండక్టరమ్మ నన్ను చూడగానే లోపల్నుంచి కాగితం తెచ్చి చూపించింది. వాకిలి ఎటు, వసారా ఎటు, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో పెన్సిలుతో గీసుకుంది. కుర్చీకి ఎదురుగా కొండ కూడా గీసింది. నేను వల్లించుకున్నదంతా మరిచిపోయి, "అమ్మా, మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. మిగతాది ఎట్లా చెప్పానో నాకు గుర్తులేదు, హాస్టలన్న, నాలుగంతస్తులు అన్నీ కలగలిపి చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, "అంటే టిక్కెట్టు కొట్టినాక సీటు లేదంటాండావు" అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆమె కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది. ఆ మడత చూసి నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఇరవై రెండేళ్ళవాడు టై కట్టుకుని వసారాలో కూర్చుని ఏడవడం చూసి పక్కింటివాళ్ళు ఎవరో పోయారనుకుని తొంగిచూశారు.

చివరికి ఆమే అంది, "సెప్పకుండా ఉండొచ్చు గదా, సెప్పినావు. ఊరుకో. సంగటి కలిపినా, తినిపో." ఆ సంగటి ముద్ద గొంతులోకి దిగడానికి నేను పడిన పాట్లు గాజులక్క తర్వాత చాలాసార్లు నలుగురిలో నటించి చూపించింది. తినేసి చేయి కడుక్కునేటప్పుడు గాజులక్క వాళ్ళతో, "అమ్మా, రెండు దినాలు టైమియ్యి. కుదిరిందా, మీ కొండ మీకు. కుదరలేదా, మీ అడ్వాన్సు ఈ పిల్లోడే తెచ్చిస్తాడు" అంది. నేను తలూపాను. ఎట్లా కుదురుతుందో మాత్రం నాకు అంతు చిక్కలేదు.

మధ్యాహ్నం తిరుపతికి తిరిగొచ్చి, హాస్టలన్న నడుపుతున్న హాస్టలుకు పోయాం. ఇక్కడ జరిగినది నేను ఈనాటికీ మరిచిపోలేను. గాజులక్క ప్లాటు ఊసే ఎత్తలేదు. వంటింట్లో తొంగిచూసి సాంబారు బాగుందంది. నీళ్ళ ట్యాంకరు ఎట్లా వస్తుందని అడిగింది. పిల్లలు బండ్లు ఎక్కడ పెడతారని అడిగింది. నేను గడియారం చూస్తూ చెమటలు కక్కుతుంటే ఆమె తీరిగ్గా, "ఏమప్పా, తిండి ఇంత బాగుంటే మంచాలు ఖాళీగా ఉండాయేంది?" అంది. ఆయన నిట్టూర్చి, "సందులో ఉండాది గదక్కా. బోర్డు ఎవురికీ కనపడదు. కొత్త పిల్లకాయలు ముందుండే హాస్టల్లో దూరిపోతారు" అన్నాడు. ఆమె ఎదురుచూసిన మాట అదేనని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట కోసమే సాంబారు దగ్గర్నుంచి నడిచి వచ్చింది.

మా లేఅవుటులో ఎవరూ ముట్టుకోని ప్లాటొకటి ఉంది. కమాను దాటి లోపలికి వచ్చే పెద్ద దారి నేరుగా పోయి దాని నడుముకు తగులుతుంది. వీధిపోటు. ఇల్లు కట్టుకునేవాళ్ళు దాన్ని చూడగానే చెంపలు వేసుకుని పక్కకు పోయేవారు. మేం కస్టమర్లను తీసుకెళ్ళేటప్పుడు ఆ ప్లాటు కనపడకుండా వ్యాను అడ్డం పెట్టించేవాడు మేనేజరు సారు. గాజులక్క ఆ ప్లాటు గురించి మొదటి మాటే ఇట్లా చెప్పింది: "నీకు ముందే సెప్తాండా, దానికి వీధిపోటు. ఏడాదిగా ఎవురూ కొనకుండా అట్లనే పడుండాది. వాస్తు సెప్పే మీ అయ్యవారిని అడిగితే వద్దంటాడు." హాస్టలన్న మొహం ముడుచుకుపోయింది. నేను లోపల్లోపల "అయిపోయింది" అనుకున్నాను. అమ్మాల్సిన దాని లోపం ముందే చెప్పే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆమె కొంగు సర్దుకుని, "అయినా వీధిపోటంటే ఏందప్పా? దారిన పోయేదంతా తిన్నగా వచ్చి నీ వాకిట్లో దూరడమే గదా. కొంపకైతే సెడుపే, నేనూ కాదనను. హాస్టలుకు అంతకంటే ఏం కావల్ల?" అంది.

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "పోటు కాడ మీవోళ్ళు వినాయకుణ్ణి పెట్టుకుంటారు గదా," అంది గాజులక్క నవ్వకుండా, "పెట్టు. పరీచ్చలప్పుడు పిల్లకాయలు దండం పెట్టుకుని పోతారు. పెద్ద రోడ్డు మీద బస్సు దిగినోడికి నీ బోర్డు ఎదురుగా కనపడతాది, కావాలంటే పోయి నిలబడి సూసుకో." ఆయన నిజంగానే పోయి నిలబడి చూసుకున్నాడు. భార్యకు ఫోను చేశాడు, ఆమె అయ్యవారికి ఫోను చేసింది, వ్యాపారానికైతే అభ్యంతరం లేదు, వినాయకుడు మాత్రం తప్పనిసరి అని కబురొచ్చింది. సాయంత్రానికల్లా ఆయన పన్నెండు వదులుకుని ఆ ప్లాటుకు మారాడు. పన్నెండో నంబరు కండక్టరు గారికి వచ్చింది. దాని అవతలి దారి దాటితే పార్కుకు వదిలిన స్థలం, అక్కడ ఎవరూ ఏమీ కట్టడానికి లేదు. అంటే కండక్టరమ్మ కుర్చీకీ కొండకూ మధ్య ఇక గాలి తప్ప మరేదీ రాదు. ఒక అబద్ధం వల్ల చెడిపోయిన రెండు బేరాలను మూడు నిజాలు చెప్పి బాగుచేసింది ఆమె. ఎవరికీ నష్టం లేదు, ఎవరినీ మభ్యపెట్టలేదు. వీధిపోటు ప్లాటు మీద తన కమిషను మాత్రం అణా పైసలతో తీసుకుంది. "ఊరికే చేస్తే నువ్వు నేర్చుకోవు బేటా" అంది. మర్నాడు పొద్దున చప్పట్ల దగ్గర మేనేజరు సారు ఈ కథంతా తన టెక్నిక్కుగా మాకు పాఠం చెప్పాడు. గాజులక్క మూలన కూర్చుని టీ ఊదుకుంటూ శ్రద్ధగా వింది.

నలభై ఏడో నంబరు ఏమైందంటారా? దాన్ని నేనే అమ్మాలని ఆమె పట్టుబట్టింది, కొండను ఎర వెయ్యకుండా. మూడు వారాలు పట్టింది. కొన్నాయనకు "ఎదురుగా ఇల్లు లేస్తోంది సార్, కొండ కనపడదు" అని నేనే ముందు చెప్పాను. ఆయన, "కొండ సంగతి నేనడగలేదే, బోరు నీళ్ళెట్లుంటాయి?" అన్నాడు. ఆనాటి నుంచి ఇప్పటిదాకా నాకు తెలిసిన వ్యాపారమంతా ఇదే.

ఏడాది తిరిగేసరికి కండక్టరు గారి ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి నన్నూ గాజులక్కనూ పిలిచారు. కార్తీకమాసం. పొద్దున్నే పోతూనే ముందు కొండ వైపు చూశాను. ముందురోజు నుంచి పట్టిన ముసురు, ఉత్తరం వైపంతా తెల్లటి మబ్బు గోడలా నిలబడి ఉంది. కొండ లేదు. ఏడింటిలో ఒక్కటి కూడా లేదు. ఆమె ఇంత కష్టపడి కట్టుకున్న ఇంట్లో తొలిరోజు తొలి దండానికి వాకిట్లోకి వస్తే కనపడేది ఏమీ లేదు. నేను ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తాను, పై నుంచి అంచైనా కనపడుతుందేమోనని. పిట్టగోడ పట్టుకుని మెడ సాచాను. వానలో తడుస్తూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగాను. కిందికి చూస్తే కండక్టరమ్మ వాకిట్లో నిలబడి ఉంది, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి.

"అమ్మా, మబ్బు పట్టిందమ్మా! తేలిపోతే కనపడుతుంది, నిజంగా కనపడుతుంది!" అని పైనుంచి అరిచాను.

ఆమె కళ్ళు తెరిచి, తలెత్తి నన్ను చూసింది. "ఎందుకు నాయనా అంత కంగారు? ఆడనే ఉండాడు గదా. వానలో తడవబాక, దిగిరా, కాలు జారతాది" అంది.

ఇప్పుడు నా కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే, ఆ డాబా మీద తడుస్తూ, తాను అమ్మిన కొండ ఎక్కడికి పోయిందో అని మబ్బుల్లో వెతుక్కుంటున్న ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. వాడికి ఆ రోజు తెలియనిది ఆమెకు ఎప్పుడో తెలుసు. వాడు ఆమె చెప్పినట్టే దిగాడు, చివరి మెట్టు దగ్గర కాలు జారి పడ్డాడు కూడా.